ఎడమ నుంచి మూడో మనిషి
(మన సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మగ్గం ఒక పూట ఆగితే ఇంట్లో ఏమవుతుందో మాకూ తెలుసు. అందుకని చెప్పాల్సింది సూటిగా చెప్పేస్తాం.

పాత ఫోటో పోస్టుకార్డుల గురించి మాట్లాడమని సమాఖ్య వాళ్లు మా జట్టుకి చెప్పారు. కొన్నాళ్లుగా మేం ఇళ్లకి వచ్చి "పాత ఫోటోలు ఉన్నాయా అమ్మా" అని అడుగుతున్న సంగతి మీలో చాలామందికి తెలుసు. లోన్ల వాళ్లేమో అని తలుపు వేసుకున్నవాళ్లూ ఉన్నారు. తప్పు లేదు, రోజులు అలాంటివి.

ముందు ఆ వస్తువు ఏమిటో చెప్పుకుందాం. మీ ట్రంకు పెట్టె అడుగున, దేవుడి పటం వెనక, పాత పంచాంగం మధ్యలో అరచేతి కంటే కాస్త పెద్దదైన నలుపు తెలుపు ఫోటో ఒకటి ఉంటుంది. తిప్పి చూడండి. వెనక మధ్యలో నిలువు గీత, పైన ఇంగ్లీషు అక్షరాల్లో పోస్ట్ కార్డ్ అన్న అచ్చు, కుడి పైమూల స్టాంపు అంటించడానికి చిన్న గడి ఉన్నాయా? ఉంటే అది ఫోటో పోస్టుకార్డు. పొడవు అయిదున్నర అంగుళాలు, వెడల్పు మూడున్నర. కొడాక్ కంపెనీ 1903లో సరిగ్గా ఈ కొలతకి సరిపోయే మడత కెమెరా ఒకటి తెచ్చింది. ఫోటో కాగితమే వెనక పోస్టుకార్డు అచ్చుతో తయారై వచ్చేది. స్టూడియో అతను నెగటివ్‌ని తిన్నగా దాని మీదే వేసి కడిగి ఇచ్చేవాడు. ఇష్టమైతే స్టాంపు అంటించి పంపొచ్చు, లేకపోతే ఇంట్లో దాచుకోవచ్చు. మనవాళ్లు ఎక్కువగా దాచుకున్నారు. "కార్డు సైజు ఫోటో" అని మన తాతలు అన్న మాట ఇక్కడిదే.

అచ్చుయంత్రం మీద వేసిన బొమ్మ కార్డు వేరు, ఇది వేరు. ఆ తేడా కనిపెట్టడానికి మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. అంగుళానికి ఎన్ని పోగులున్నాయో చూసే చిన్న అద్దం ఉంది కదా, అదే కార్డు మీద పెట్టండి. చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అచ్చు బొమ్మ. ఎంత దగ్గరగా చూసినా చుక్క లేకుండా నలుపు నుంచి తెలుపుకి పొగలా జారిపోతే అది అసలు ఫోటో. కార్డుని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే ముదురు భాగాల్లో, అంచుల్లో వెండి మెరుపు కనిపిస్తుంది ఒక్కోసారి. అది వెండే. ఫోటో కాగితం మీద బొమ్మ కట్టేది వెండి రేణువులు, తేమ తగిలి అవి పైకి తేలతాయి. మన కొండల వానాకాలం గురించి మీకు చెప్పేదేముంది!

మన దేశంలో పోస్టుకార్డు 1879 జులై 1న మొదలైంది, వెల కాణీ. దాని మీద బొమ్మ లేదు. బొమ్మ కార్డుల సరదా పంతొమ్మిదో శతాబ్దం చివర వచ్చి, ఇరవయ్యో శతాబ్దం మొదటి ఇరవై ఏళ్లలో పిచ్చిగా మారింది. మద్రాసులో హిగిన్‌బాథమ్స్, వీలే అండ్ క్లైన్ లాంటి కంపెనీలు గుళ్లు, వీధులు, బజార్లతో పాటు మనుషుల్ని కూడా కార్డులకి ఎక్కించాయి. చాకలి, మంగలి, కుమ్మరి, వాళ్లతో పాటు నేతగాడు. దొరలు, దొరసానులు కొని ఇంగ్లండుకి పంపుకున్నారు. ఇవాళ అవన్నీ అక్కడి వేలంపాటల్లో, సేకరణదారుల ఆల్బమ్‌లలో ఉన్నాయి. 2018లో లండన్‌లో మద్రాసు, బెంగుళూరు కార్డుల మీద ప్రదర్శన కూడా పెట్టారు. ఒమర్ ఖాన్ అనే ఆయన ఆ కాలపు కార్డుల మీద అదే ఏడు పెద్ద పుస్తకం తెచ్చారు. మంచి పనులే. మాకు గౌరవమే.

కానీ ఆ నేతగాళ్ల కార్డులు చూస్తే మాకు కడుపులో ఏదో తిప్పినట్టుంటుంది. కింద ఏం రాసుంటుంది? "దేశీ నేతగాడు", లేదా "నేతపనివారు, మద్రాసు". అంతే. గుడికి పేరుంది, వీధికి పేరుంది, ఫోటో తీసిన కంపెనీకి పేరుంది. ఎండలో నిలబడి పడుగు పట్టుకున్న మనిషికి పేరు లేదు. అడగలేదు కాబట్టి లేదు. ఆయన పిల్లలు, మనవలు ఎక్కడో ఉన్నారు, వాళ్ల తాత లండన్‌లో వేలానికి ఉన్నాడని వాళ్లకి తెలీదు.

మన ట్రంకుపెట్టెల్లో ఉన్న కార్డుల సంగతి వేరు. అవి మనవాళ్లు మనవాళ్ల కోసం తీయించుకున్నవి. అందులో ఉన్న ప్రతి మనిషి పేరూ ఒకప్పుడు ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే వెనక రాయలేదు! ఇంట్లో మనిషి పేరు ఎవరైనా రాసిపెట్టుకుంటారా? ఇప్పుడు ఆ పేర్లు చెప్పగలిగినవాళ్లు ఒక్కో ఇంట్లో ఒక్కరో ఇద్దరో మిగిలారు. వాళ్లు ఈ ముందు వరుసలో కూర్చున్నారు.

గుణుపురం వైపు ఒక ఇంట్లో చూసిన కార్డు గురించి చెప్తాం. వీధిలో పడుగు సాగదీసి ఉంది. ఆరుగురు మగవాళ్లు, ఇద్దరి చేతుల్లో గంజి కుంచెలు. వెనక తెలుగులో ఒకే ఒక్క వాక్యం, ఎడమ నుంచి మూడో మనిషి మీ మామ అని. ఎవరికి రాశారో పేరు లేదు, రాసింది ఎవరో లేదు. స్టాంపు లేదు, బహుశా ఇంకో ఉత్తరంలో పెట్టి పంపారు. ఇంట్లో కుర్రాళ్లు ఒడియా బడిలో చదువుకున్నవాళ్లు, తెలుగు మాట్లాడతారు గానీ ఆ చేతిరాత చదవలేరు. మేం చదివి వినిపించాం. "మీ మామ" అంటే ఎవరికి మామ? ఆ "మీరు" ఎవరో తెలిస్తే గానీ మామ ఎవరో తేలదు.

ఇంట్లో తొంభైకి దగ్గరపడిన మామ్మ ఉంది. చూపు సరిగా ఆనదు. ఫోన్లో ఫోటో పెద్దది చేసి చూపించాం. ముఖం గుర్తు పట్టలేదు. కాసేపు చూసి, "ఈడు కుంచె ఎడం సేత్తో పట్టీసినాడు కదా. మా ఇంట్లో ఎడం సేతోడు ఒక్కడే, మా పెదమావ" అంది. మాకు ఒక అనుమానం వచ్చింది. స్టూడియోల్లో నెగటివ్ తిరగేసి వేస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. అప్పుడు కుడిచేతివాడు కూడా ఎడమచేతివాడిలా కనిపిస్తాడు. ఫోటోలో వెనక గోడ మీద ఏవో అక్షరాలున్నాయి, అద్దం పెట్టి చూశాం. సరిగానే ఉన్నాయి, తిరగబడలేదు. మామ్మ మాట నిలబడింది. ఆ ఒక్క చేతి మీంచి మిగిలిన అయిదుగురిలో ముగ్గురి పేర్లు ఆ సాయంత్రమే తేలాయి. ఎవరి పక్కన ఎవరు నిలబడతారో ఆమెకి తెలుసు. పడుగు దగ్గర ఎవరి జాగా వాళ్లదే కదా.

బయటివాళ్లు ఎంత చదువుకున్నా ఆ కార్డుని అలా చదవలేరు. కుంచె ఏ చేత్తో పట్టాలో తెలిసిన ఇల్లు కావాలి దానికి.

ఇంకో కార్డు రాయగడ దగ్గరిది. స్టూడియోలో తీయించుకున్న కుర్రాడి ఫోటో. వెనక తోట బొమ్మ వేసిన తెర, పక్కన బల్ల మీద పూలకుండీ, ఒంటి మీద కోటు. వెనక రంగూన్ స్టూడియో రబ్బరు ముద్ర. కోటు తనది కాదు స్టూడియోవాళ్లదని ఇంటికి రాశాడు, అమ్మ కంగారు పడి డబ్బు తగలేశాడనుకుంటుందేమో అని కాబోలు. ఉత్తరాంధ్ర తీరం నుంచి, గంజాం నుంచి పని కోసం రంగూన్ వెళ్లినవాళ్లు వేలల్లో ఉన్నారు, వాళ్లలో మగ్గం వదిలి వెళ్లినవాళ్లూ ఉన్నారు. 1942లో జపాను సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు లక్షల మంది భారతీయులు బయల్దేరిపోయారు, చాలామంది నడిచి కొండలు దాటారు. అందరూ ఇల్లు చేరలేదు. ఈ కుర్రాడు చేరలేదు. ఇంటివాళ్లకి అతని గురించి మిగిలింది ఈ కార్డు, ఆ కోటు సంగతి. దాన్ని పూజగదిలో పెట్టారు. మేం దాన్ని అక్కడే ఉంచి ఫోటో తీసుకున్నాం, బయటికి తెమ్మని అడగలేదు.

ఇక కార్డు ఏ కాలం నాటిదో ఎలా తెలుసుకోవాలి అని చాలామంది అడుగుతున్నారు. మన ప్రాంతానికి ఒక సౌకర్యం ఉంది, సరిహద్దులు మారుతూ వచ్చాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు కొరాపుట్ జిల్లా పుట్టింది. అంతకు ముందు ఇదంతా మద్రాసు రాష్ట్రంలో విశాఖపట్నం జిల్లా. కాబట్టి చిరునామాలో గుణుపురం పక్కన వైజాగపటం జిల్లా అని ఉంటే కార్డు దాదాపు 1936కి ముందుదే, కొరాపుట్ జిల్లా అని ఉంటే తర్వాతది. "దాదాపు" అని ఎందుకన్నామంటే పాత అలవాటుకొద్దీ కొన్నేళ్లు విశాఖే రాసినవాళ్లుంటారు. రాయగడ జిల్లా అని ఉంటే 1992 అక్టోబరు 2 తర్వాత, అప్పటికి ఈ కార్డుల కాలం అయిపోయింది.

స్టాంపు మీద రాజుగారి బొమ్మ చూడండి. గడ్డంతో ఉన్న ఎడ్వర్డు 1902 నుంచి, అయిదో జార్జి 1911 నుంచి, మీసం గడ్డం లేని ఆరో జార్జి 1937 నుంచి. గాంధీగారి స్టాంపులు 1948 ఆగస్టు 15న వచ్చాయి. అణాలు పోయి నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1. పిన్‌కోడు ఉంటే 1972 తర్వాతది. స్టాంపు నానబెట్టి ఊడదీసి పిల్లల ఆల్బమ్‌లో అంటించకండి, దానితో పాటు పోస్టాఫీసు ముద్ర పోతుంది, ముద్రలో ఊరు, తేదీ రెండూ ఉంటాయి.

రైలు కూడా ఒక గుర్తే. నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో వచ్చింది, గుణుపురం దాకా 1931లో వచ్చింది. రైలు వచ్చాక ఊరికి ఏమేం వస్తాయో ఊహించుకోవచ్చు. నూలు బేళ్లు వస్తాయి, మిల్లు బట్ట వస్తుంది, తెర చుట్టుకుని కెమెరా మోసుకుంటూ ఫోటో అతనూ వస్తాడు. ఆ చిన్న రైల్లో ఎక్కినవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? (చేతులు చాలానే లేచాయి.) 2004లో అది ఆగిపోయింది, పెద్ద లైను వేశాక 2011లో మళ్లీ గుణుపురానికి బండి వచ్చింది.

ఇంకొకటి, మన పెద్దలు ఇంగ్లీషు తేదీ వేయకుండా తెలుగు సంవత్సరం పేరు రాసేవారు. ఆంగీరస అని ఉంటే 1932-33 కావాలి, లేదా అరవై ఏళ్లు కలిపి 1992-93. నలుపు తెలుపు ఫోటో, పాత కాగితం అయితే ఏదో మీరే తేల్చుకోవచ్చు. మొదట్లో "చి॥" అని ఉంటే రాసినవారు పెద్ద, అందుకున్నవారు చిన్న. "ల॥సౌ॥" అంటే పెళ్లయిన ఆడమనిషి. "మ॥రా॥రా॥శ్రీ" అంటే పెద్దమనిషికి గౌరవంగా, వియ్యంకుడికో ఊరి పెద్దకో. ఈ రెండు మూడు అక్షరాలతో ఎవరు ఎవరికి ఏమవుతారో సగం తెలిసిపోతుంది. పిల్లలకి తెలుగు అక్షరాలు నేర్పండి అని ప్రతి సభలో ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. మేం మళ్లీ చెప్పం. వాళ్ల ముత్తాత రాసిన కార్డు వాళ్ల చేతికే ఇచ్చి చదవమనండి, అడగడం వాళ్లే మొదలుపెడతారు.

ఇప్పుడు నేతవాళ్లుగా మనం ముఖ్యంగా వినాల్సిన సంగతి, రంగుల సంగతి. పాత ఫోటోలు చూసి పాత డిజైన్లు మళ్లీ నేయాలని మన కుర్రాళ్లు ఉత్సాహపడుతున్నారు, సంతోషం. కానీ ఫోటోలో నల్లగా కనిపించిన అంచు నల్లంచు అనుకోవద్దు. ఆ కాలపు ప్లేట్లకీ, ఫిల్ములకీ చాలావాటికి ఎరుపు కనపడేది కాదు. ఎర్రటి అంచు దాదాపు నల్లగా పడేది. నీలం మాత్రం తెల్లబోయినట్టు లేతగా పడేది. మన కొట్‌పాడ్ అన్నదమ్ముల బట్ట చూడండి. ఆల్ చెట్టు వేరుతో వచ్చే ఎరుపు, అదే వేరుకి ఇనుప లవణం చేరిస్తే వచ్చే ముదురు గోధుమ, నలుపు. ఆ రెండు రంగులే ఆ బట్టకి ప్రాణం. 2005లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, గోవర్ధన్ పానికా గారికి 2018లో పద్మశ్రీ వచ్చింది. పాత కెమెరా ముందు పెడితే ఆ రెండు రంగులూ ఒకే నలుపు! ఏది ఎరుపో ఏది గోధుమో కార్డు చెప్పదు.

స్టూడియోవాళ్లు చేత్తో రంగు దిద్దిన కార్డులు కొన్ని ఉన్నాయి, అవి ఇంకా మోసం. చీర ఏ రంగో అడిగి వేశాడో, తన దగ్గర ఏ సీసా ఉంటే అది వేశాడో ఎవరికి తెలుసు. కాబట్టి కార్డు దొరికినప్పుడు పెట్టెలో ఆ చీర తాలూకు ముక్క ఉందేమో వెతకండి. బొంతలో కుట్టేసి ఉంటుంది, ఉయ్యాల గుడ్డ అయిపోయి ఉంటుంది. వేలెడు ముక్క చాలు. కొలతలు కార్డు చెప్తుంది, అంచు ఎంత వెడల్పో, కొంగు ఎంత పొడవో, చీర ఎంత ఎత్తుకి కట్టారో. రంగు మాత్రం గుడ్డే చెప్పాలి.

కార్డులు చెప్పనిది ఇంకా ఒకటుంది. కంపెనీ కార్డులు గానీ మన ఇళ్లవి గానీ, నేతపని కనిపించేవాటిలో ఎక్కువ భాగం వీధిలో పడుగు పనే. ఎందుకంటే కెమెరాకి వెలుతురు కావాలి. మగ్గం గుంట ఉండేది ఇంటి లోపల చీకట్లో. అక్కడే ఓ పక్కన కూర్చుని కండెలు చుట్టిన అమ్మలు, ఆసు పోసిన అమ్మమ్మలు, గంజి కాచిన పిన్నులు ఫోటోలో లేరు. ఉంటే పెళ్లి ఫోటోలో ఉంటారు, నగలతో, కదలకుండా. ఆ కార్డులు చూసి ఎవరైనా పుస్తకం రాస్తే నేత మగవాళ్ల పని అని రాస్తారు. కాదని మనకి తెలుసు, కానీ రుజువు? అందుకని మేం ప్రతి కార్డు దగ్గరా ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతున్నాం: ఈ ఫోటో తీసినప్పుడు ఇంట్లో ఆడవాళ్లు ఏ పని చేస్తూ ఉండేవారు? ఫోన్లో వాళ్ల గొంతు రికార్డు చేస్తున్నాం. ఒకావిడ, ఫోటోలో పడుగు చూపించి, "ఈ కండెలన్నీ నేను చుట్టినవే, నాకు అప్పుడు తొమ్మిదేళ్లు" అంది. ఆ మాట లేకపోతే ఆ కార్డు సగం కార్డే.

పాత కాగితాలు కొంటాం అని తిరిగేవాళ్లు కూడా ఇళ్లకి వస్తున్నారు. అమ్ముకోవద్దని మేం చెప్పం, మీ వస్తువు, మీ అవసరం. కిలోల లెక్కన మాత్రం ఇవ్వకండి. ఇచ్చేముందు రెండు వైపులా ఫోటో తీసి ఉంచుకోండి. రాసిన వైపు మరీ ముఖ్యం. కార్డు చేతులు మారితే బొమ్మ ఎక్కడో ఒకచోట బతుకుతుంది, మీ పెదమామ మాత్రం మళ్లీ "దేశీ నేతగాడు" అయిపోతాడు.

దాచుకునే పద్ధతి గురించి రెండు మాటలు. లామినేషన్ చేయించకండి, ఆ వేడికి, జిగురుకి ఫోటో పాడవుతుంది, తర్వాత విడదీయడం కుదరదు. సెల్లోటేపు వద్దు. బాల్‌పెన్నుతో వెనక రాయకండి, నొక్కిన గీత ముందు వైపు పొంగుతుంది. మెత్తటి పెన్సిలుతో, ఓ మూల, తేలిగ్గా రాయండి. తేమ గోడకి ఆనించి పటం కట్టకండి. ఫోను కెమెరాతో తీసేటప్పుడు ఫ్లాష్ ఆపేసి, కిటికీ పక్కన, ఎండ తిన్నగా పడని చోట తీయండి.

ఉత్తరాల్లో అప్పుల సంగతులుంటాయి, కుదరని సంబంధాల సంగతులుంటాయి, అన్నదమ్ముల తగువులుంటాయి. ఇంటివాళ్లు సరే అనకుండా ఏదీ ఈ సంచికలో వేయలేదు, ఇకముందూ వేయం. బొమ్మ ఇచ్చి రాత దాచుకుంటాం అంటే అలాగే. అసలు కార్డులు మేం పట్టుకెళ్లం. మీ ఇంట్లోనే, మీ ఎదురుగానే కాపీ తీసి మీ చేతికి ఇచ్చేస్తాం.

గుణుపురం కార్డులో ఇంకా ఇద్దరి పేర్లు తేలలేదు. కుడి చివర తలపాగా చుట్టుకున్న పొట్టి మనిషి ఒకరు, ఆయన పక్కన చెవికి పోగులున్న కుర్రాడు ఒకడు. ఆ ఫోటో పెద్దది చేసి భోజనాల షెడ్డు గోడకి కట్టాం, బాగా వెలుతురు ఉన్న చోటే. మామ్మలూ, తాతలూ, తిని చేయి కడుక్కున్నాక ఒక్కసారి అటు వెళ్లి చూడండి. మా జట్టు పిల్లలు పెన్సిలు, ఫోను పట్టుకుని అక్కడే ఉంటారు.